రెండు చుట్లు

ఇస్త్రీపెట్టెలో కాయిలు మాడితే ఒక వాసన, వైరు మాడితే ఇంకో వాసన. పెట్టె విప్పకముందే ముక్కుతో తేల్చెయ్యడం మెకానిక్‌కి ఏళ్ళ తరబడి అలవాటు. ఆ గురువారం పొద్దున కూడా ఒక పెట్టెను ముక్కు దాకా ఎత్తి, "వైరే, కాయిలు బాగుంది," అని తనలో తనే అనుకుని పక్కన పెడుతుంటే కొట్టు ముందు కారు ఆగింది. అందులోంచి ఒకమ్మాయి దిగి, నిద్రపోతున్న పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక పాత క్యాసెట్ డెక్కును రెండు చేతులా ఎత్తుకుని మెట్లెక్కింది.

"అంకుల్, ఇలాంటివి బాగుచేసేది ఈ ఊళ్ళో మీరొక్కరేనట. ఇప్పటికి నాలుగు కొట్లు తిరిగాను. ఇద్దరు నవ్వారు. ఒకాయన దీనితో ఫొటో దిగాడు."

"నాలుగోవాడు?"

"కిలో లెక్కన కొంటానన్నాడు."

మెకానిక్ బల్ల మీది మిక్సీ జార్లను మోచేత్తో పక్కకు నెట్టి చోటు చేశాడు. బరువైన సరుకు. ముందు వైపంతా అల్యూమినియం రేకు. ముట్టుకుంటే చాలు పనిచేసే రకం కాదు, మీట నొక్కితే వేలికి ఎదురు తిరిగి ఆ తర్వాత లొంగే రకం. ప్లే నొక్కి చెవి ఆనించాడు. లోపల మోటారు తిరుగుతోంది, చక్రాలు కదలడం లేదు.

"బెల్టు కరిగింది. మోటారు బతికే ఉంది. ఎప్పటికి కావాలి?"

"ఆదివారం సాయంత్రం అయిదింటికి ప్రోగ్రాం. మా కొత్త హాల్లో." ఆ అమ్మాయి ఆ హాలు మేనేజరట. సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసి డెక్కు పక్కన పెట్టింది. "ఇందులో ఆరు క్యాసెట్లున్నాయి. బాగయ్యాక వీటిని వేసి చూడండి. జాగ్రత్త అంకుల్, ఇవి పోతే మళ్ళీ లేవు." చుట్టి పెట్టుకున్న పోస్టరు కూడా ఒకటి ఇచ్చింది. "వీలైతే గోడకి అంటించండి."

పోస్టరు మీద పెద్ద అక్షరాలతో 'మనకి రాక్ సంగీతం నేర్పిన ఆరు క్యాసెట్లు' అని ఉంది. దాని కింద 'కూర్పు, వ్యాఖ్యానం' అని ఉండి, ఒక పేరు, ఆ పేరు వెనకాల రైలు పెట్టెల్లా డిగ్రీలు. పక్కనే ఫొటో. ఒకప్పుడు నెత్తి మీద ఉన్న జుట్టంతా జారి గడ్డంలోకి దిగినట్టుంది.

"లెక్చరరుగారు," అంది ఆ అమ్మాయి. "కాలేజీ రోజుల్లో ఈ క్యాసెట్లన్నీ ఆయనే తయారుచేశారట. మా అమ్మావాళ్ళ తరమంతా వీటిని కాపీ కొట్టించుకుని విన్నవాళ్ళే. మీకు తెలుసా ఆయన?"

"మొహం తెలుసు," అన్నాడు మెకానిక్, స్క్రూడ్రైవరు అందుకుంటూ.

మధ్యాహ్నానికల్లా డెక్కు కడుపు విప్పి బల్ల మీద పరిచాడు. రబ్బరు బెల్టు తారులా కరిగి, ఇత్తడి చక్రానికీ మోటారు కప్పీకీ అంటుకుపోయి ఉంది. బలవంతాన పీకితే పని చెడుతుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో, చంటిపిల్లల చెవి తుడిచినంత ఓపికగా తుడవాలి. ఆరు దూది ఉండలు నల్లబడ్డాక ఇత్తడి మెరిసింది. డ్రాయరు అడుగున సీసాలో దాచుకున్న బెల్టుల్లోంచి ఒకటి తీసి, రెండు వేళ్ళ మధ్య సాగదీసి, చెవి దగ్గర మీటి చూశాడు. వదులైపోయిన బెల్టు గొంతు బొంగురుపోయినట్టు మోగుతుంది. ఇది చక్కగా టింగుమంది. టేపును లాగే రబ్బరు చక్రానికి పట్టిన పెచ్చును గరుకు కాగితంతో ఒక్క పొర లేపాడు. టేపును చదివే హెడ్డు తుడిచాడు. అప్పుడు అట్టపెట్టెలోంచి మొదటి క్యాసెట్ తీశాడు.

పైన కొత్త కాగితం, అచ్చు అక్షరాలు. అయితే క్యాసెట్ చేతిలోకి రాగానే అతని బొటనవేలు తనంతట తనే కుడి మూలకు పోయి, బ్లేడుతో గీరిన ఒక సన్నటి గీతను పట్టుకుంది. చూడకుండానే ఇది మొదటి వైపని తెలియడానికి గీసుకున్న గీత. గీసినవాడికి తప్ప ఇంకెవరి వేలికీ అది తగలదు.

ప్లే నొక్కాడు.

మొదటి పాట డ్రమ్ముల మీద లేచింది. ఆ పాట చివరి దెబ్బ పడీ పడగానే, ఊపిరి తీసుకునే సందు కూడా లేకుండా రెండో పాట గిటారు అందుకుంది. ఆ సందు లేకుండా చెయ్యడంలోనే ఉంది పనితనమంతా. మెకానిక్ స్టూలు మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. రెండో పాట, మూడో పాట. నాలుగో పాట మధ్యలో గిటారు మెట్లు దిగుతున్నట్టు కిందికి దిగుతూ, ఒక్కచోట ఆగి, దిగిన మెట్లనే మళ్ళీ దిగి, కాస్త కుంటి, మూడోసారి కూడా దిగి, అప్పుడు ముందుకు దూకింది. సరిగ్గా ఆ దూకే క్షణానికి అతని కుడిచేతి చూపుడువేలు గాలిలోకి లేచి, కంటికి కనపడని దేన్నో ముందుకు తోసినట్టు కదిలింది.

"ఏంటా గోల? వీధి చివరికి వినపడుతోంది." భార్య క్యారియరు పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది.

"నేను చేసిందే."

"మీరు చేసే గోల నాకు తెలీదా. ఇది ఇంకెవరిదో."

"ఈ క్యాసెట్ నేను చేసింది," అన్నాడు. పోస్టరు ఆమె ముందుకు జరిపాడు.

ఆమె క్యారియరు దింపి, పోస్టరు మొత్తం కింది నుంచి పైకి చదివింది. "ఇక్కడ ఈయన పేరెందుకుంది మరి?"

"రికార్డులు ఆయనవి. వాళ్ళ బావ ఓడల్లో పనిచేసేవాడు, ఎక్కడెక్కడివో తెచ్చిచ్చేవాడు. వాటిని తిప్పే మిషనే వాళ్ళింట్లో లేదు. ఇలాంటి పాటలంటే వాళ్ళ నాన్నకి పడదు. అందుకని నేను పనిచేసే క్యాసెట్ల కొట్టుకి తెచ్చిచ్చి పోయేవాడు. ఏ పాట తర్వాత ఏ పాట రావాలి, ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, అదంతా నేనే చూసుకునేవాణ్ణి."

"అయితే బట్ట తెచ్చిచ్చినాయన, చొక్కా కూడా తనే కుట్టానంటున్నాడు."

"అంతే."

"ఇందాక పాట మధ్యలో ఏదో తడబడింది, అదేంటి?"

మెకానిక్ నవ్వాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఈమే. "బల్లకి నా మోకాలు తగిలింది. సూది ఒకే గాడిలో ఇరుక్కుపోయి రెండు చుట్లు అక్కడే తిరిగింది. వేలితో తోశాను. తోసేలోపు ఆ రెండు చుట్లూ టేపు మీదికి ఎక్కిపోయాయి."

"మళ్ళీ ఎక్కించలేకపోయారా?"

"ఎక్కించేవాణ్ణే. ఆయన బయట నిలబడి సైకిలు బెల్లు కొడుతున్నాడు, నాన్న వచ్చే టైమైంది, రికార్డులు ఇచ్చెయ్ అని. ఇచ్చేశాను. ఆ నెలలోనే వాళ్ళ నాన్న వాటిని పట్టుకుని ఎవరికో అమ్మేశాడు. ఇక మిగిలింది ఈ క్యాసెట్టే. ఊళ్ళో ఎవరడిగినా దీంట్లోంచే కాపీ కొట్టిచ్చాను. తడబాటుతో సహా."

"క్యాసెట్లు ఆయన దగ్గరికెలా చేరాయి మరి?"

"కొట్టు ఎత్తేసిన రోజు మా ఓనరు అన్నీ ఓ పెట్టెలో వేసి, రికార్డులు నీవే కదా బాబూ, ఇవీ నువ్వే ఉంచుకో అని ఇచ్చేశాడు."

"మీరేం చేస్తున్నారప్పుడు?"

"షట్టరు దించుతున్నాను."

ఆమె క్యారియరు గిన్నెలు విడదీస్తూ, "పోయి అడగండి," అంది. "అడగడానికి కూడా డిగ్రీ కావాలా ఏంటి."

*

అడగడానికి పోవాల్సిన పని లేకుండా లెక్చరరే శుక్రవారం సాయంత్రం వచ్చాడు. మెట్ల కిందనే చెప్పులు విడిచి, గుమ్మానికి తల వంచి, లోపలికి వచ్చి బల్ల అవతల నిలబడ్డాడు. డెక్కునే చూశాడు తప్ప మనిషిని చూడలేదు. "ఇదేనా. పనిచేస్తోందా?" అని, జవాబు కోసం తలెత్తాడు.

"ఏరా, నువ్వా."

"నేనే సార్."

"ఇక్కడ కొట్టు పెట్టావా. నాకు తెలీనే తెలీదు. రోజూ ఈ రోడ్డు మీంచే వెళ్తాను." బల్ల మీదుగా వంగి భుజం తట్టాడు. తట్టిన చేతికి గ్రీజు అంటిందేమోనని చూసుకున్నాడు. ఆ చూపులో కావాలని చేసిందేమీ లేదు, అలవాటు. మెకానిక్‌కి అతని మీద కోపం రావడానికి అది చాలదు.

కోపం తెప్పించే సరుకు లెక్చరర్ చేతిలో ఉన్న చిన్న పుస్తకంలో ఉంది. ఆదివారం వచ్చినవాళ్ళందరికీ పంచిపెట్టడానికట, పదహారు పేజీలు. లెక్చరర్ స్టూలు లాక్కుని కూర్చుని, "విను, నీకూ తెలుస్తుంది," అంటూ అక్కడక్కడ చదివి వినిపించాడు. మొదటి క్యాసెట్ మొదటి వైపు ఒక యువకుడి తిరుగుబాటుతో మొదలై, ఒంటరితనం మీదుగా ప్రయాణించి, రాజీలేని నిష్క్రమణతో ముగుస్తుందట. ఆ వరుస వెనక లోతైన ఆలోచన ఉందట.

మెకానిక్ ఆ వరుస వెనక ఉన్న ఆలోచనను తలుచుకున్నాడు. వైపుకు ముప్పై నిమిషాలు. చేతి గడియారం చూసి ప్రతి పాటా కొలిచి, సిగరెట్ పెట్టె వెనక రాసుకుని, వైపు చివర పాట మధ్యలో తెగకుండా ఆరింటిని కూర్చాలి. ఒక పాట ఏ ఊపులో ఆగిందో ఆ ఊపులోనే రెండోది లేవాలి. గొంతు పగిలేలా అరిచిన పాట తర్వాత, వినేవాడి చెవికి కాస్త నీడ దొరకాలి. రాత్రీ పగలూ తేడా లేకుండా అవే పాటలు మళ్ళీ మళ్ళీ విని, మాటలు ఒక్కటి తెలియకపోయినా ఏ పాట ఏడుస్తోందో, ఏ పాట ఏడుపు నటిస్తోందో కనిపెట్టి పెట్టిన వరుస అది.

"ఇక్కడ చూడు, ఇది అసలైన విషయం," అన్నాడు లెక్చరర్, పేజీ తిప్పి. "నాలుగో పాటలో గిటారు ఒకే వాక్యాన్ని మూడుసార్లు చెబుతుంది. మధ్యలో లయ కావాలని కుంటుతుంది. ఇప్పుడు ఫోన్లో వినిపించే పాటలో ఇది లేదు. ఎక్కడా లేదు. అంటే నా దగ్గరికొచ్చిన రికార్డు చాలా అరుదైన అచ్చన్నమాట. బయటికి రానివ్వని రూపం. దీని గురించే రెండు పేజీలు రాశాను. ఆదివారం ఆ చోటు రాగానే అందరి చేతా శ్రద్ధగా వినిపిస్తాను."

చదువుకున్నవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. తెలియనిదానికి కూడా పేరు పెట్టి రెండు పేజీలు రాయగలరు. సూది ఇరుక్కుంది సార్ అని ఒక్క ముక్క చెబితే ఆ రెండు పేజీలూ అప్పటికప్పుడు చింపుకోవాల్సి వచ్చేది. ఆ ముక్క మెకానిక్ నాలుక చివరిదాకా వచ్చింది. అంతకంటే ముందు వేరే ప్రశ్న బయటికొచ్చింది.

"కూర్పు అంటే ఏంటి సార్?"

"ఏ పాటలు తీసుకోవాలి, ఏది ఎక్కడుండాలి, అది నిర్ణయించడం."

"అది మీరు నిర్ణయించారా?"

లెక్చరర్ నవ్వాడు. "ఇద్దరం కలిసే చేశాం కదరా. నేను చెప్పేవాణ్ణి, నువ్వు ఎక్కించేవాడివి."

"మీరేం చెప్పలేదు సార్. ఖాళీ వదలకుండా కొట్టు అనేవారు. అంతే."

"అలా అన్నానా?" నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు కాసేపు. దొరకలేదు. "సరే, ఎక్కించినవాడి పేరు కూడా వేయిస్తే, ఖాళీ క్యాసెట్ తయారుచేసినవాడి పేరు, ఆ రోజు కరెంటు తియ్యనివాడి పేరు కూడా వేయించాలి. నువ్వు రాసిచ్చిన అట్ట ఒకటి గుర్తుందా, పాట పేరు బదులు రికార్డు నంబరు గీసిచ్చావు."

"ఆ నంబరు చెప్పే నూట పదిమంది తీసుకెళ్ళారు సార్ ఆ క్యాసెట్టు."

"కాదనను. నీ చెయ్యి మంచిది, నేనెప్పుడూ కాదనలేదు." గొంతు తగ్గించి, మేలు కోరేవాడిలా అన్నాడు. "కానీ నువ్వే ఆలోచించు. ఆ భాషలో ఒక్క మాట రానివాడు ఆ పాటల్ని అలా పేర్చాడంటే హాల్లో నవ్వుతార్రా. నిన్ను చూసే నవ్వుతారు. నాకది ఇష్టం లేదు. నీ గురించి కూడా వేశాలే, చివర్లో చూడు."

వెనక అట్ట లోపలి వైపు, కుర్చీలు సర్దినవాళ్ళ తర్వాత, టీ ఇచ్చినవాళ్ళకు ముందు, 'యంత్రం మరమ్మతు చేసిన స్థానిక మెకానిక్‌కు కృతజ్ఞతలు' అని ఉంది.

"సంతోషం సార్," అన్నాడు మెకానిక్. నాలుక చివర ఉన్న ముక్కను మింగేశాడు.

*

శనివారం మధ్యాహ్నం కొట్టుకు సగం షట్టరు వేశాడు. బల్ల మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద ఉక్కు స్కేలు, కొత్త బ్లేడు, సన్నగా కత్తిరించి పెట్టుకున్న అంటుడు టేపు, తెల్ల పెన్సిలు. ఆపరేషనుకు పెట్టినట్టుంది.

మొదట క్యాసెట్ తిరగేసి రెండో వైపు విన్నాడు. టేపు ఒకటే. ఒకవైపు కోస్తే రెండో వైపు కూడా తెగుతుంది. పగ తీర్చుకునేవాడు అయినా సరే, పాపం ఎరగని రెండో వైపు పాటను చెడగొట్టడానికి అతని చెయ్యి ఒప్పదు. అదృష్టం బాగుంది. వెనక సరిగ్గా అక్కడే రెండు పాటల మధ్య ఖాళీ ఉంది. మొత్తం ఆరు క్యాసెట్లలో అతను వదిలిన ఒకే ఒక్క పెద్ద ఖాళీ అది. ఎందుకు వదిలాడో అతనికే గుర్తులేదు.

మళ్ళీ మొదటి వైపు పెట్టాడు. గిటారు మొదటిసారి మెట్లు దిగి ఆగిన చోట ఆపి, గుర్తు పెట్టాడు. మూడోసారి దిగి దూకబోయే ముందు ఆపి, ఇంకో గుర్తు పెట్టాడు. క్యాసెట్ నోట్లోంచి టేపును చిటికెనవేలితో మెల్లగా బయటికి లాగి, స్కేలు మీద పరిచి చూశాడు. రెండు గుర్తుల మధ్య జానెడు కూడా లేదు. మోకాలు తగలడానికి, వేలు లేవడానికి మధ్య దూరం అది. లెక్చరర్ రాసిన రెండు పేజీలు అందులోంచి వచ్చినవే.

బ్లేడు ఏటవాలుగా పెట్టి రెండుసార్లు కోశాడు. చివరలు రెండూ ఆనించి, వెనక అంటుడు టేపు వేసి, గోటితో రుద్దాడు. అంచులు బ్లేడుతో సరిచేశాడు. చక్రంలో పెన్సిలు దూర్చి టేపును లోపలికి తిప్పి, వేసి విన్నాడు. గిటారు ఒక్కసారి మెట్లు దిగి, నిలబడకుండా ముందుకు దూకింది. అతుకు ఎక్కడుందో తెలియలేదు. అతనికే తెలియలేదంటే ఇక ఎవరికీ తెలియదు.

ఆదివారం ఆ చోటు రాగానే లెక్చరర్ చెయ్యెత్తి, శ్రద్ధగా వినండి అంటాడు. వినడానికి అక్కడేమీ ఉండదు. మూడు వందల మంది చేతుల్లో ఆ రెండు పేజీలూ ఉంటాయి. మెకానిక్ తన పనిని తనే మెచ్చుకుంటూ బ్లేడు తుడిచి కాగితంలో చుట్టాడు.

భార్య ఖాళీ క్యారియరు కోసం వచ్చి, షట్టరు కిందనుంచి వంగి లోపలికి దూరింది. "పట్టపగలు తలుపేసుకుని ఏం దొంగపని చేస్తున్నారు?" అంటూనే బల్ల మీది నల్లటి దూది, కాగితం ముక్కలు, టేపు ముక్క, అన్నీ ఒక్క చేత్తో ఊడ్చి చెత్తబుట్టలో వేసి, ఆ బుట్ట తీసుకెళ్ళి వీధి మూల డబ్బాలో దులిపి వచ్చింది. అతను చూస్తూనే ఉన్నాడు. ఆపలేదు.

*

హాలు నిండిపోయింది. అందరూ యాభై దాటినవాళ్ళే. నల్ల చొక్కాలు పొట్టల మీద బిగుసుకుని, ఎవరికి వాళ్ళు తామే ఎక్కువ మారలేదన్నట్టు ఒకళ్ళనొకళ్ళు పరీక్షగా చూసుకుంటున్నారు. మెకానిక్, అతని భార్య చివరి వరసలో కూర్చున్నారు. రెండు సీట్ల అవతల ఒకాయన పక్కవాడితో, "మా ఇంట్లో ఈ క్యాసెట్ విని విని అరిగిపోతే, మా చెల్లెలు పెళ్ళై వెళ్తూ ఆ అరిగిందే పట్టుకుపోయింది. ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు," అన్నాడు. పక్కవాడు, "ఎవరు, చెల్లెలా, నువ్వా?" అన్నాడు.

"వీళ్ళంతా మీ కొట్టుకొచ్చినవాళ్ళేనా?" అంది భార్య చెవిలో.

"చాలామంది."

"ఒక్కళ్ళూ గుర్తుపట్టలేదేం?"

"అప్పట్లో వీళ్ళు కౌంటరు మీది లిస్టు చూసేవాళ్ళు. నన్ను కాదు."

వేదిక మీద డెక్కు, దాని పక్కన ఒక కుర్చీ, మైకు. లెక్చరర్ బాగా మాట్లాడాడు. కాదనడానికి లేదు. నవ్వించాల్సిన చోట నవ్వించాడు. తర్వాత ప్లే నొక్కాడు. మొదటి పాట డ్రమ్ములకు ముందు వరసల్లో తలలు కదిలాయి. రెండో పాటకు కాళ్ళు కదిలాయి. మూడో పాటకి ఎవరో ఈల వేశారు. చాలామంది పెదవులు కదులుతున్నాయి. వాళ్ళలో సగం మందికి కూడా ఆ భాష రాదని మెకానిక్‌కి ఆ పెదవుల్ని చూస్తేనే అర్థమైంది.

నాలుగో పాట మొదలైంది. లెక్చరర్ మైకు దగ్గరికొచ్చి, "ఇప్పుడు," అని చెయ్యెత్తాడు.

గిటారు మెట్లు దిగింది. హాలంతా దానితోపాటు గొంతు కలిపి దిగింది. గిటారు దూకి ముందుకు పోయింది. హాలు పోలేదు. మూడు వందల గొంతులు రెండోసారి కూడా ఆ మెట్లే దిగుతున్నాయి, కుంటాల్సిన చోట కుంటుతున్నాయి. తర్వాతి మెట్టు ఎక్కడుందో తెలియనట్టు ఒక్కొక్క గొంతూ ఆగిపోయింది. పాట తన మానాన తను పోతోంది. ఎవరూ నవ్వలేదు. లెక్చరర్‌ను చూసి అసలే నవ్వలేదు. చేతుల్లోని పుస్తకాలు ఎవరూ తెరిచి చూడలేదు. మెకానిక్ ముందు వరసలో ఒకావిడ, బాగా తెలిసిన ఇంట్లో మెట్టు తప్పినదానిలా, కుర్చీ చెయ్యి పట్టుకుని చుట్టూ చూసింది.

అతను అనుకున్నది ఇది కాదు. ఆ రెండు చుట్లూ లెక్చరర్‌వని అనుకుని కోశాడు. అవి వీళ్ళవి.

లెక్చరర్ స్టాప్ నొక్కాడు. "క్షమించండి. మిషన్లో ఏదో తేడా వచ్చినట్టుంది. మొన్ననే రిపేరు చేయించాం. మెకానిక్ ఎక్కడో..."

"ఎవడండీ ఆ మెకానిక్?" అన్నారెవరో.

"నేనే," అని మెకానిక్ లేచాడు. భార్య అతని చొక్కా అంచు పట్టుకోబోయి, మానుకుని, అతని సీట్లో తన చేతిసంచి పెట్టింది.

నడవా పొడవునా తలలు తిరుగుతుండగా నడిచాడు. వేదిక ఎక్కి, మైకుకు దూరంగా లెక్చరర్ చెవి దగ్గర చెప్పాడు. "మిషన్ బాగుంది. నేను కోశాను."

"ఏం కోశావు?"

"ఆ ముక్క. మీది అరుదైన అచ్చు కాదు సార్. సూది ఇరుక్కుంది. నా మోకాలు తగిలి. మీరు బయట బెల్లు కొడుతుంటే మళ్ళీ ఎక్కించే తీరిక లేకపోయింది."

లెక్చరర్ అతని మొహంలోకి చూశాడు. సైకిలు బెల్లు గుర్తొచ్చిందని ఆ కళ్ళలో తెలిసిపోయింది. "ముక్క... ఉందా?"

"లేదు. చెత్తలో పోయింది."

"మూడు వందల మందిరా. ఏం చెప్పమంటావు వాళ్ళకి?"

"నేను చెబుతాను. కుర్చీ ఇటివ్వండి."

లెక్చరర్ కుర్చీ జరిపాడు. మెకానిక్ కూర్చుని, క్యాసెట్‌ను కాస్త వెనక్కి తిప్పి ఆపి, మైకు వంచుకున్నాడు. మైకులో మాట్లాడటం అదే మొదలు. అయినా గొంతు వణకలేదు. పని చేతిలో ఉన్నప్పుడు అతని గొంతు ఎప్పుడూ వణకదు.

"ఈ క్యాసెట్లు కట్టింది నేను. మార్కెట్ వెనక క్యాసెట్ల కొట్టులో, కౌంటరు లోపల కూర్చునేవాణ్ణి. ఆ పాటలో మీరు వినే తడబాటు పాటలో లేదు. రికార్డు మీద సూది ఇరుక్కుని రెండు చుట్లు తిరిగింది. మీరంతా అదే విన్నారు. నిన్న నేను దాన్ని కోసేశాను. ఎందుకు కోశానో అది మా ఇద్దరి గొడవ. ముక్క పోయింది. ఆ రెండు చుట్లూ ఇప్పుడు మీ దగ్గరే ఉన్నాయి. నేను ఆపుతాను. మీరు పాడండి. మీది అయిపోగానే నేను వదులుతాను."

ఎక్కడో ఒక మగగొంతు, "నంబరు అట్టమీద గీసిచ్చింది నువ్వేనా బాబూ?" అంది.

"నేనే."

ప్లే నొక్కాడు. పాజ్ మీట మీద చూపుడువేలు ఆనించి, వెంట్రుకవాసి కిందికి దించి, మీట ఎదురుతిరిగే చోట ఉంచాడు. కళ్ళు చక్రాల మీద లేవు, ఎక్కడా లేవు. పాట వస్తోంది. గిటారు మెట్లు దిగడం మొదలుపెట్టింది. తనకే కనపడని అతుకు హెడ్డు ముందుకు వచ్చే ఆ సందులో, తర్వాతి స్వరం గోరంతైనా బయటపడకముందే, వేలు దిగింది.

నిశ్శబ్దంలోకి హాలు దిగింది. మూడు వందల గొంతులు, నోటితో గిటారు, చేత్తో కుర్చీల మీద డ్రమ్ములు. మొదటి చుట్టు. వెనక ఎవరో తొందరపడితే పక్కవాళ్ళు ఆపారు. కుంటు వచ్చింది. అందరూ కలిసే కుంటారు. రెండో చుట్టు. ముందు వరసలో ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. మెకానిక్ వేలు మీట మీద ఊపిరి బిగబట్టింది. చివరి మెట్టు మీద అందరి అడుగూ పడీ పడగానే వదిలాడు.

గిటారు సరిగ్గా అక్కడి నుంచే దూకింది. ఎక్కడా సందు లేదు.

హాలు లేచి నిలబడింది. అతను తలెత్తలేదు. అయిదో పాట ఇంకా నాలుగు నిమిషాల్లో రావాలి, అది కాస్త తగ్గు గొంతుతో మొదలవుతుంది, హాలు పెద్దది కాబట్టి అప్పటికి శబ్దం కొంచెం పెంచాలి. ఆ మీట ఎక్కడుందో చూసుకున్నాడు.

చూసుకుని తలెత్తేసరికి లెక్చరర్ పక్కన లేడు. చేతిలో పుస్తకం మడిచి పట్టుకుని నడవాలో చివరిదాకా నడిచి, ఖాళీ సీటు కోసం అటూ ఇటూ చూస్తున్నాడు. ఉన్నది ఒకటే. మెకానిక్ భార్య అతన్ని కింది నుంచి పైదాకా చూసి, వేదిక వైపు ఒకసారి చూసి, భర్త ఇప్పట్లో దిగడని తేల్చుకుని, చేతిసంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.